భీమక్క వయసు

సత్తుపల్లి,
జూన్ 14, 2025

ప్రియమైన భీమక్కకు,

నీ డ్రిల్లు సారు వెంకటనారాయణను. బతికే ఉన్నాను, వారానికి మూడుసార్లు ఖమ్మంలో డయాలసిస్ మీద. మీ ఊళ్ళో ఫోను పలకదని నీతో ఆడిన జంపక్క చెబితే ఉత్తరం రాస్తున్నాను.

మంచి కబురే. ఆ రోజుల్లో రాష్ట్ర పోటీలు గెలిచి ఏమీ అందుకోని వాళ్ళకు ఇప్పుడు అవార్డులిస్తారట. అరవై నిండి ఉండాలి. 1981లో వరంగల్‌లో జూనియర్ కబడ్డీ గెలిచిన మన జట్టు జాబితాలో ఉంది! ఆనాటి ఫోటో మా గోడ మీదే ఉంది. ఇక్కడి బొగ్గు గని పేలుళ్ళకు వంకరవుతుంటే రోజూ సరిచేస్తాను. ఫైనల్లో మోకాలు వాచిపోయినా ఒక్క కూతకు పోయి నలుగురిని అవుట్ చేసి వచ్చావు, మరిచిపోతానా?

"ఇన్నేళ్ళకు ఇచ్చి ఏం లాభం నాన్నా?" అన్నాడు మా అబ్బాయి జయప్రకాశ్. వాడి మీద గట్టిగా అరిచాను.

మరుసటి ఏడు జరిగినదాన్ని మనసులో పెట్టుకోకు. ఆధార్ నకలు వెంటనే పంపు.

నీ మేలు కోరే,
వెంకటనారాయణ


చర్ల దగ్గర నుంచి,
జూలై 3

గౌరవనీయులైన సారుకు నమస్కారాలు.

మీ కవరు చూసి ముందు భయమేసింది. మా ఇంటికి వచ్చేవన్నీ పోడు భూమి వదలమనే నోటీసులే. మా అమ్మాయి యశోద చదివి వినిపించాక మళ్ళీ నేను చదువుకున్నాను.

ఆ మోకాలు ఇప్పుడు వంగడం లేదు. గొంతుక్కూర్చోలేను, కలుపు కూడా నడుం వంచే తీస్తాను.

ఆ అవార్డు నాకు కావాలి సారూ. సిగ్గు విడిచి అడుగుతున్నాను. మా ఆయన పగిడయ్య పోయి ఎనిమిది నెలలు. పోయేదాకా నన్ను నమ్మలేదు. ఏ గొడవ వచ్చినా, "వయసే అబద్ధం చెప్పినదానివి, నీ మాట ఎట్ల నమ్మాలె?" అనేవాడు. సర్కారే పిలిచి ఇస్తే ఊళ్ళోనైనా ఆ మాట ఆగుతుంది. ఆధార్ నకలు ఇందులో పెట్టాను.

మీ విద్యార్థిని,
భీమక్క


సత్తుపల్లి,
ఆగస్టు 24

ప్రియమైన భీమక్కకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నాలుగుసార్లు జవాబు రాసి చించేశాను.

నీ ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 1966. అంటే యాభై తొమ్మిదే. ఈ అవార్డులు ఈ ఒక్కసారే ఇస్తారట, వచ్చే ఏడు ఉండవు.

ఆ సంవత్సరం రాసింది నేను. మీ నాన్న చెప్పింది 1962. పోటీలు పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు, నీకప్పుడు పంతొమ్మిది. నిన్ను వదులుకోలేక బడి రిజిస్టరులో నా చేత్తోనే దిద్దాను. ఇంకో రెండేళ్ళు ఆడించుకోవచ్చని ఆశపడి మరీ తగ్గించాను. నువ్వు అబద్ధం చెప్పలేదు. నిన్నెవరూ అడగనే లేదు.

ఇప్పుడు అవార్డుల కమిటీకి ఈ నిజం చెబితే నీకు అరవై దాటుతాయి, కానీ ఆనాటి గెలుపు చెల్లదు. చెప్పకపోతే గెలుపు ఉంటుంది, వయసు చాలదు. ఎటు తిప్పినా నీ చేతికి ఏమీ రాకుండా చేసి పెట్టాను. చెప్పమంటే చెబుతాను. ఈ వయసులో నాకిక పోయే పరువేముంది? నీ మాట కోసం చూస్తుంటాను.

నీ ముందు తలెత్తుకోలేని,
వెంకటనారాయణ


చర్ల దగ్గర నుంచి,
సెప్టెంబరు 30

సారుకు,

కమిటీకి ఏమీ రాయకండి. రాస్తే జంపక్కకూ, మిగతా పిల్లలకూ కూడా అవార్డు పోతుంది. ఆ రోజు కట్టుకోవడానికి జంపక్క చీర కూడా కొనుక్కున్నదట.

మరుసటి ఏడు ఖమ్మంలో సెలక్షన్ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. డాక్టరు ఎక్స్‌రే చూసి నాకు ఇరవై నిండాయన్నాడు. మీరు అందరి ముందు నా వైపు వేలు చూపించి, "ఈ పిల్లే నన్ను మోసం చేసింది" అన్నారు. మీ మొహం చూసి నోరు మూసుకున్నాను. బడి నుంచి నన్ను పంపేశారు. అంతకుముందటి గెలుపు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మొన్నటి ఉత్తరంలో రిజిస్టరు సంగతి రాశారు, ఈ సంగతి రాయలేదు. మీ మీద కోపం ఇంకా ఉంది సారూ, దాచుకోను.

అయినా, "నువ్వు అబద్ధం చెప్పలేదు" అని మీ దస్తూరీతో ఉంది. ఆ మాట కోసమే నేను అవార్డు అడిగాను. ఊళ్ళో చదివితే ఆ నోటా ఈ నోటా పైదాకా పోయి వాళ్ళ అవార్డులు ఆగుతాయని ఎవరికీ చూపించలేదు, యశోదకు కూడా.

వాన తెరిపిచ్చాక మా ఆయన పేరున నిలబెట్టిన రాయి దగ్గరికి వెళ్ళాను. కూర్చోలేను కదా, నిలబడే మీ ఉత్తరం పైకి చదివాను. మళ్ళీ ఒకసారి చదివాను. "విన్నవా? నేను అబద్ధం చెప్పలే" అన్నాను. కాసేపు అక్కడే ఉండి ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడిచ్చి ఏం లాభమని మీ అబ్బాయి అడిగాడన్నారు. నిరుడు ఇదే నెలలో ఆయన బతికే ఉన్నాడు సారూ.

భీమక్క