గట్టు దాకా వెళ్లిన ఎండబోటు

తాడేపల్లిగూడెం,
5-11-2006.

పూజ్యులు కృపావరం బావగారికి,

ప్రభువు పేరట వందనాలు. మీరు క్షేమమని తెలుసు. లేకపోతే ఈపాటికి మా ఎలిజబెత్ అక్క నుంచి పది కబుర్లు వచ్చేవి. మీ చెరువుల దగ్గర సెల్లుకు సిగ్నలు అందదు. అందిన చోట మీరు నన్ను మాట్లాడనివ్వరు. అందుకే ఈ ఇన్‌లాండు.

సంగతేమిటంటే, నేనొక బోటు తయారుచేస్తున్నానండి. డీజిలు అక్కర్లేదు, తెడ్డు అక్కర్లేదు, మనిషి ఎక్కనక్కర్లేదు. నెత్తిమీద సోలారు పలకలుంటాయి. ఎండ పడితే నడుస్తుంది. మనం ఒడ్డున నిలబడి రిమోటు నొక్కితే చెప్పినట్టు గట్టు వెంబడి తిరుగుతుంది. పైన చిన్న ఎర్ర బల్బు కూడా పెట్టాను. డిసెంబరు 8న ఏలూరులో సైన్సు ఫెయిరు. జిల్లా అధికారులందరూ వస్తారు. వాళ్ల ముందు దీన్ని నడపాలి.

కిందటేడు నా అగ్నిపర్వతం స్టేజి తెర అంటించిన సంగతి మీకు తెలుసు. మా హెడ్మాస్టరు గారు ఇంకా మరిచిపోలేదు. ఈసారి కూడా అభాసుపాలైతే సైన్సు ల్యాబు తాళాలు తీసుకుని బెల్లు కొట్టే పని అప్పజెబుతామన్నారు. ఇరవయ్యేళ్ల సర్వీసండి. నేను బెల్లు కొడుతుంటే నా దగ్గర చదువుకున్నవాళ్లు వచ్చి చూస్తారు.

ఇంట్లో బకెట్టులో బోటు తిరగడానికి చోటు లేదు. దయచేసి ఒక ఆదివారం మీ చెరువు ఇప్పించండి.

మీ బావమరిది,
మధుబాబు.

తా.క.: రిమోటు కోసం మా పెర్సిస్ పుట్టినరోజుకి కొన్న కారు విప్పదీశాను. ఆరో తరగతి పిల్ల, వారం రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మా ఆవిడ షారోన్ కూడా మాట్లాడటం లేదు గానీ అది వేరే కారణం. దాని మిక్సీ.

*

గుండుగొలను,
10-11-2006.

చిరంజీవి మధుబాబుకి,

బావ దీవెనలు. కిందటిసారి దీవించినప్పుడు సోలారు కుక్కరు చేశావు. మీ అక్క ఆదివారం అందులో పెట్టిన కందిపప్పు సోమవారం ఉడికింది. అయినా మళ్లీ దీవిస్తున్నాను. పెద్దవాణ్ణయిపోయాను, ఏం చేస్తాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మనిషి ఎక్కడు, గట్టు వెంబడి తిరుగుతుంది, పైన ఎర్ర బల్బు, ఏలూరులో జిల్లా అధికారుల ముందు పెట్టాలి. అబ్బాయ్, నా చెవిలో పువ్వు పెట్టకు. ఇది చెరువు గట్లు కొలిచే మిషను! మొన్న వేసవిలో సర్కారు పొక్లెయిన్లు వచ్చి కొల్లేట్లో ఆక్రమణ చెరువుల గట్లు తెంచి పోయిన దగ్గర్నుంచి ఇక్కడ ఎవరైనా టేపు పట్టుకుని నడిస్తే జనానికి జ్వరం వస్తోంది. ఇప్పుడు టేపులు మానేసి బోట్లు దింపుతున్నారన్నమాట. ఆ పని నీకు అప్పజెప్పారంటే ప్రభుత్వం మీద నాకు జాలి వేస్తోంది.

మా చెరువుకు ఏ భయమూ లేదు. పట్టా భూమి. పక్క చెరువు అప్పారావు గారిది. ఆయన చాలా మంచివారు. ఆయన గట్టు ఎనిమిదేళ్లలో ఆరు మూరలు మా చెరువులోకి నడిచి వచ్చిందనీ, మా నీటి తూము సగం పూడిందనీ, తూము పూడాక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయనీ లోకులంటారు. నేననను. గట్టుకు కాళ్లుంటాయా?

26న ఆదివారం, గుడి అయ్యాక రా.

ఇట్లు,
పెద్దవాడిగా పుట్టినందుకు అనుభవిస్తున్న నీ బావ,
కృపావరం.

తా.క.: పోస్ట్‌మాన్ ఈ బురదలో మా ఇంటిదాకా రాడు. మా ఉత్తరాలన్నీ రోడ్డు మీద అప్పారావు గారి టీ కొట్టులో ఇస్తాడు, అక్కడే తీసుకుంటాడు. ఆయన వాటిని చంటిపిల్లల్లా చూసుకుంటారు. కాబట్టి నిర్భయంగా అన్నీ రాయి.

*

తాడేపల్లిగూడెం,
14-11-2006.

బావగారికి వందనాలు, వాటితోపాటు ఒక దండం.

అది మిషను కాదండి. బొమ్మ. పొడవు రెండడుగుల మూడంగుళాలు. ఒళ్లంతా థర్మాకోలు, మీరు చేపలు ఐసులో పెట్టి పంపే డబ్బాదే. మోటారు పాత టేపురికార్డరుది. నీళ్లలో తిరిగే ఫ్యాను పాలపొడి డబ్బా రేకుతో కోశాను. ఎర్ర బల్బు ఎండ అందుతోందని చెప్పడానికి. ఫ్యానుకు ఏదైనా అడ్డుపడితే మినుకుమినుకుమంటుంది, అంతే. అది ఏమీ కొలవదు. దానికి కొలవడం రాదు. ఆ మాటకొస్తే, నాకే సరిగా రాదు. ఆ ఫ్యాను రెండుసార్లు కోశాను.

ఏలూరులో జరిగేది స్కూలు పిల్లల ఎగ్జిబిషనండి. అధికారులు రిబ్బను కత్తిరించి, టీ తాగి వెళ్లిపోతారు. అప్పారావు గారి గట్టు సంగతి మీరూ ఆయనా చూసుకోండి. నా బోటును అందులోకి లాగకండి, మీకు పుణ్యముంటుంది.

మీ విధేయుడు,
మధుబాబు.

తా.క.: మీ ఉత్తరం అంటించిన చోట ఊడదీసి మళ్లీ అంటించినట్టుంది. దానిమీద టీ మరక. గ్లాసులు ఉత్తరాల మీద పెట్టొద్దని అక్కకు చెప్పండి.

*

గుండుగొలను,
18-11-2006.

చిరంజీవి మధుబాబుకి,

అర్థమైంది. ఇంత గట్టిగా కాదంటున్నావంటే, పైవాళ్లు నీకు ఎంత గట్టిగా చెప్పి ఉంటారో ఊహించుకున్నాను. ఇకనుంచి నేనూ ‘స్కూలు బొమ్మ’ అనే అంటాను. ఊళ్లో ఎవరడిగినా కన్నుగీటి మరీ ‘స్కూలు బొమ్మ’ అని చెబుతున్నాను.

మనిషి లేకపోవడంలోనే ఉంది అసలు తెలివి. మనిషి టేపు పట్టుకుని వస్తే ఎవరో ఒకరు నీడన కూర్చోబెట్టి చేపల పులుసు పెడతారు. పులుసు రుచిని బట్టి టేపు సాగుతుంది. బోటుకు పులుసు ఎలా పెడతారు? పాపం, ఎవరికైనా ఇబ్బందే.

ఒక్క సందేహం. నీళ్ల అడుగున మట్టిని బట్టి పాత గట్టు ఎక్కడుండేదో కూడా అది కనిపెడుతుందా? రహస్యమైతే జవాబు రాయకు. రాయకపోతే కనిపెడుతుందని అర్థం చేసుకుంటాను.

ఇట్లు,
నోరు విప్పని నీ బావ.

తా.క.: మీ అక్క టీ మానేసి ఏడాదైంది. మరక సంగతి వదిలెయ్.

*

తాడేపల్లిగూడెం,
21-11-2006.

బావగారికి,

కనిపెట్టదు. కనిపెట్టదు. కనిపెట్టదు.

దానికి మట్టి తెలియదు. గట్టు తెలియదు. ఎండ ఒక్కటే తెలుసు. ఊళ్లో కన్నుగీటడం తక్షణం ఆపండి. మా హెడ్మాస్టరు గారి చెవిన పడిందంటే, ప్రభుత్వం పేరు చెప్పుకుని తిరుగుతున్నానని బెల్లు కొట్టే పని కూడా ఇవ్వరు. ఇరవయ్యారున పది గంటల బస్సులో వస్తున్నాను. చెరువు ఇవ్వండి చాలు, ఊహలు అక్కర్లేదు.

ఓపిక అయిపోయిన,
మధుబాబు.

*

గుండుగొలను,
23-11-2006.

మధుబాబుకి,

మూడుసార్లు కాదన్నావు. కోడి కూసేలోపు ప్రభువునే మూడుసార్లు కాదన్నవాళ్ల సంగతి మా పాస్టరు గారు ఏటా చెబుతూనే ఉంటారు. రా. చేపల పులుసు నీకు పెడతాం, బోటుకు పెట్టం.

కృపావరం.

*

తాడేపల్లిగూడెం,
28-11-2006.

బావగారికి,

వందనాలు రాయబుద్ధి కావడం లేదు. రాసినట్టే అనుకోండి.

పులుసు బాగుంది. ఆ రోజు బాగున్నది అదొక్కటే. బోటును ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే కండక్టరు “దీనికి హాఫ్ టికెట్టా అండీ?” అన్నప్పుడే నేను దిగిపోవాల్సింది. మీ గట్టు మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక్కళ్లూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. అందరూ చేతులు కట్టుకుని నా బొమ్మ వంక పాస్టరు గారి వంక చూసినట్టు చూశారు.

పావుగంట ఎంత బాగా నడిచింది! ముందుకంటే ముందుకు, పక్కకంటే పక్కకు. మూడు నెలల కష్టం, నా కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే మీరు, “ఎంతైనా బొమ్మే కదా, అప్పారావు గారి గట్టు మూల దాకా పోలేదులే” అన్నారు. మీరా మాట అనకపోతే నేనటు పంపేవాణ్ణే కాదు. వెళ్లింది. ఆ మూల గుర్రపుడెక్క మొక్కల్లో చిక్కుకుంది. రిమోటు ఎంత నొక్కినా కదలదు. నలభై నిమిషాలు అక్కడే గిలగిల్లాడుతూ ఎర్ర బల్బు మినుకుమినుకుమంటూ ఉంది. ఒడ్డున నేను “వెనక్కి! వెనక్కి!” అని ఎవరో వింటున్నట్టు అరుస్తున్నాను. ఎదురుగట్టు మీద అప్పారావు గారు తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుసు.

చివరికి మీరే తాటిదోనెలో వెళ్లి దాన్ని తెచ్చారు. నేను ముట్టుకోలేదు. ముట్టుకోను కూడా. చెరువంతా శుభ్రంగా ఉండి ఆ ఒక్క మూలే గుర్రపుడెక్క ఉండాలా? అక్కడికే నా బోటు పోవాలా? నా రాత అంతే. ఏలూరు వెళ్లడం లేదు. రేపు హెడ్మాస్టరు గారికి చెప్పేస్తాను. బోటును మీరే ఉంచుకోండి, పొయ్యి ముట్టించుకోండి.

మధుబాబు.

తా.క.: థర్మాకోలుతో పొయ్యి ముట్టించకండి. పొగ మంచిది కాదు. అక్కకు ఆయాసం.

*

గుండుగొలను,
30-11-2006.

ప్రియమైన మధుబాబుకి,

ఈ ఉత్తరం మీ అక్క చేతికిచ్చి మొదటి బస్సుకి పంపుతున్నాను. అంటించిన చోట చూడు, మరక ఉండదు. అప్పారావు టీ కొట్టు మీదుగా రాని మొదటి ఉత్తరం ఇది. హెడ్మాస్టరు గారికి ఏమీ చెప్పకు. చెప్పేసి ఉంటే, జ్వరంలో మాట్లాడానని చెప్పు.

నీ మొదటి ఉత్తరం చదవగానే అది పిల్లల బొమ్మ అని నాకు తెలుసు. సైన్సు ఫెయిరంటే తెలియనంత అడవిలో లేనయ్యా నేను. కానీ అప్పారావు మా ఉత్తరాలన్నీ కెటిలు ఆవిరికి పట్టి విప్పుతాడని కూడా ఎనిమిదేళ్లుగా తెలుసు. మీ అక్క ఆపరేషను సంగతి నాకంటే ముందు అతనికే తెలిసింది. గట్టు గురించి పంచాయతీలో అడిగాను, పెద్దమనుషుల్ని పెట్టాను, పాస్టరు గారి చేత చెప్పించాను. గట్టు కదల్లేదు. కదిలితే నా వైపే కదిలింది. నోటితో చెబితే విననివాడు దొంగచాటుగా చదివితే నమ్ముతాడని నాకు ఈ వయసులో తోచింది. నువ్వు కాదు కాదంటున్నకొద్దీ అతని నమ్మకం గట్టిపడింది. నీకు ముందే చెబుదామనుకున్నాను గానీ, నీకు నటించడం రాదు. నిజం చెప్పి నమ్మించడమే రాదు నీకు.

ఆదివారం అతను ఆపుకున్నది నవ్వు కాదు, ఏడుపు. నీ బల్బు మినుకుమన్నప్పుడల్లా ఒక మూర లెక్కపెట్టుకున్నాడు. సోమవారం తెల్లవారేసరికి నలుగురు కూలీలను పెట్టి గట్టు కోయిస్తున్నాడు. నేను వెళితే, “ఏవండీ కృపావరం గారూ, మా పాత గట్టు ఎక్కడుండేదో ఇన్నాళ్లూ మరిచిపోయానండీ. నిన్న బోటును చూడగానే గుర్తొచ్చిందండీ” అన్నాడు. మంగళవారానికి ఆరు మూరలూ వచ్చేశాయి. తూములో నీళ్లు పారుతున్నాయి. చేపలు నోళ్లు మూసుకున్నాయి. మీ అక్క గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ నీళ్లవంకే చూసింది.

ఇక అసలు మాట. నీ బోటులో ఏ లోపమూ లేదు. ఆ గుర్రపుడెక్క శనివారం సాయంత్రం దోనెలో తెచ్చి ఆ మూల వేసింది నేనే. నువ్వు అటు పంపేలా ‘పోలేదులే’ అన్నదీ నేనే. నిన్ను చిన్నప్పటినుంచీ ఎరుగుదును, చేతకాదంటే చాలు చేసి చూపిస్తావు. చిక్కుకున్నాక నీ ముఖం చూసి మాత్రం నా పులుసు నాకు సహించలేదు. తప్పు నాది, క్షమించు. నిన్న ఇద్దరం దాన్ని చెరువులో దింపాం. మీ అక్క రిమోటు నొక్కింది, నేను కేకలు వేశాను. రెండు గంటలు ఆగకుండా తిరిగింది. ఎందుకైనా మంచిదని మీ అక్క ఫ్యాను చుట్టూ టీ వడకట్టే జాలీ కట్టింది. ఎలాగూ టీ మానేసింది కదా.

బోటు కూడా మీ అక్కతోనే పంపుతున్నాను, ఏలూరు వెళ్లు. ఎనిమిదో తారీకున మేమిద్దరం ముందు వరసలో కూర్చుంటాం. బెల్లు కొట్టేవాడు వేరే ఎవరైనా ఉంటాడు.

నీ మీద ప్రేమతో, ఒళ్లంతా సిగ్గుతో,
నీ బావ,
కృపావరం.

తా.క.: ఫెయిరు అవగానే బోటును తిన్నగా తాడేపల్లిగూడెం పట్టుకుపో. ఇటు తీసుకురావద్దు. మా అవతలి చెరువు వీరరాఘవమ్మ గారు నిన్న పిలిచి, “ఆ బోటు ఒక్కసారి మా వైపు కూడా దింపించు బాబూ, మా పడమటి గట్టు ఎందుకో నానాటికీ దగ్గరికొస్తున్నట్టుంది” అన్నారు. ఆవిడ పడమటి గట్టు మన గట్టే. ఆవిడ నీకు ఉత్తరం రాస్తే, అది స్కూలు బొమ్మ అని మాత్రం జవాబివ్వకు. నమ్మరు.