గడ్డపార ఖంగుమన్న చోట

చిరంజీవి చంటికి,

అమ్మ దీవెనలు. మేమిద్దరం క్షేమం. క్షేమం అని రాయబోతూ ఒకసారి అరచేతులు చూసుకున్నాను. రెండింటి నిండా బొబ్బలే. అయినా క్షేమమనే రాస్తున్నాను, ఎందుకంటే పడుకోగానే ఇంత హాయిగా నిద్రపట్టి చాలా ఏళ్ళయింది. నువ్వూ, నీ ఓడా, ఆ ఇంజను గదిలో నీతోపాటు చెమటోడ్చేవాళ్ళూ చల్లగా ఉండాలి.

దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. వేళకు తింటున్నావా అని అడిగావు. హాస్టల్లో వంటావిడ కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడుతుంది, ఇక తినక చస్తానా. పోయిన ఉత్తరంలో బడి గురించి రెండు ముక్కలే రాశావేంటని దెప్పావు. రాయడానికి అప్పుడేమీ బాగాలేదు చంటీ. ఇప్పుడుంది. "ఈ వయసులో నీకీ చాకిరీ ఎందుకమ్మా, నేను సంపాదిస్తున్నానుగా, ఇంటిపట్టున ఉండు" అన్నావు చూడు, దానికి జవాబు కిందెక్కడో వస్తుంది. వరసగా చదువు. చివరి పేజీకి దూకావంటే ఊరుకోను.

విత్తనాల కొట్టు మూసేశాక నేను టీచర్ ట్రైనింగులో చేరినప్పుడు నువ్వు నవ్వావు. నవ్వితే నవ్వావులే, నాతో చదివేవాళ్ళూ నవ్వారు. అందరూ నీకన్నా చిన్నవాళ్ళే. వాళ్ళలో సగంమంది నన్ను ఆంటీ అంటారు, పరీక్షల ముందు మాత్రం అక్కా అంటారు. పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి ఒక్కొక్కరినీ ఒక్కో బడికి పంపారు. నాకు ఈ ఊరి హైస్కూలు పడింది, తొమ్మిదో తరగతి వ్యవసాయం.

ఆ తరగతి సంగతి ముందు చెప్పాలి. కంప్యూటర్లలో సీటు రానివాళ్ళు, కామర్సులో సీటు రానివాళ్ళు వ్యవసాయంలోకి వస్తారు. "మాది మిగిలిన సెక్షన్ మేడమ్" అని వాళ్ళే నాకు పరిచయం చేసుకున్నారు. వాళ్ళకు ఇన్నేళ్ళుగా పాఠం చెప్పే ఆయన్ని పిల్లలు రాసుకోండి మాస్టారు అంటారు. గదిలోకి వస్తూనే "రాసుకోండి" అంటారు, గంట కొట్టేదాకా చెబుతూనే ఉంటారు. నేనెలా చెబుతున్నానో చూసి కాలేజీకి రిపోర్టు పంపాల్సింది కూడా ఆయనే.

మొదటిరోజు నాలుగు గాజు సీసాల్లో నాలుగు రకాల మట్టి పట్టుకుని వెళ్ళాను. రాత్రంతా అద్దం ముందు చెప్పుకున్న పాఠం. ఎర్రమట్టి దాకా వచ్చానో లేదో, వెనక బెంచీలోంచి ఒక పొడుగు పిల్ల లేచింది. ఏ మాటా ఊరికే పోనివ్వదని ఆ పిల్లకి లాయరమ్మ అని పేరు.

"మేడమ్, ఆ కిటికీలోంచి కనబడేది మన బడి పొలమే కదా?"

"అవును."

"అందులో గడ్డి కూడా సరిగ్గా మొలవదు. అక్కడ మొలవనిది ఈ సీసాలో మొలుస్తుందా?"

గది గదంతా గొల్లుమంది. ఎదురుగా అన్ని కళ్ళు నన్నే చూస్తుంటే చేతిలో సీసా ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు చంటీ. మిగతా పీరియడంతా నేను నల్లబల్లకు పాఠం చెప్పాను, వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కబుర్లు చెప్పుకున్నారు.

బయటికొచ్చాక మాస్టారు మెల్లిగా అన్నారు. "తరగతి మీ చేతిలో లేదమ్మా. ఆ నేల సంగతంటారా, అది ఉప్పునేల. చేరిన కొత్తలో నేనూ వేసి చూసి వదిలేశాను. సెలవుల్లో పెద్దమేడమ్ దాని మీద సిమెంటు పోయిస్తున్నారు, టీచర్ల బళ్ళు పెట్టుకోవడానికి. పొలం పోయాక ఈ తరగతి మాత్రం ఎందుకు? దీన్నీ తీసేస్తారు."

పెద్దమేడమ్ అంటే ఇక్కడి హెడ్‌మిస్ట్రెస్. ఆ సాయంత్రం మీ నాన్నకి ఫోన్ చేసి వచ్చేస్తానన్నాను. అటు వైపు వెల్డింగు షెడ్డులో ఏదో ఇనుము కోస్తున్న చప్పుడు. ఆపి విన్నారు. "వచ్చేయ్. కాకపోతే ఆ నేల ఎందుకు పండట్లేదో కనుక్కుని రా. కొట్లో ఉన్నప్పుడు బేరానికొచ్చిన ప్రతివాడినీ నీ నేలెలాంటిది, నీళ్ళెక్కడివి అని గంటసేపు ప్రాణం తీసి గానీ విత్తనాల ప్యాకెట్టు చేతికిచ్చేదానివి కాదు. ఇప్పుడేమైంది?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక ఆలోచించాను.

మర్నాడు సీసాలు తీసుకెళ్ళలేదు. "నిన్న ఈ అమ్మాయి అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఆ నేల ఎందుకు పండట్లేదో నాకు తెలియదు" అన్నాను.

లాయరమ్మే ముందు లేచింది. "తెలియదంటే ఎలా? మీరు మేడమ్ కదా?"

"మేడమ్‌నే. తెలియదు. కనుక్కుందాం. మీకేమనిపిస్తోందో చెప్పండి."

ఇక చూసుకో. ఉప్పన్నారు, రాళ్ళన్నారు, చీమలన్నారు, పెద్దమేడమ్ రోజూ ఆ కిటికీ దగ్గరే నిలబడి చూస్తుంది కాబట్టి భయపడి మొలవట్లేదన్నారు. అన్నీ బోర్డు మీద రాశాను, ఆ చివరిది తప్ప. ఆ తర్వాత అందరం పొలంలోకి నడిచాం. ఒకడు నేను వారించే లోపలే చిటికెడు మట్టి నోట్లో వేసుకుని "ఉప్పు లేదు మేడమ్, చప్పగా ఉంది" అన్నాడు. నోరు కడుక్కురమ్మని తరిమి, ఉప్పునేలయితే ఎండాక పైన తెల్లగా పేరుకుంటుందని చెప్పాను. ఎంత వెతికినా తెలుపన్నది లేదు. మాస్టారు వరండాలో నిలబడి చూస్తున్నారు.

ఆ తర్వాత రెండు గుంతలు తవ్వించాను. ఒకటి పొలంలో, ఒకటి గేటు పక్క చెట్టు దగ్గర. రెండింటి నిండా నీళ్ళు పోయించాను. చెట్టు దగ్గరి గుంత మేం చూస్తుండగానే తాగేసింది. పొలంలోది సాయంత్రానికీ అలాగే ఉంది. మర్నాడు నేను బడికి వెళ్ళేసరికి, ఆవలించడం తప్ప వేరే పనిలేని ఆ పిల్లలు గుంత చుట్టూ గుమిగూడి ఉన్నారు. "మేడమ్, నీళ్ళింకా ఉన్నాయి! కింద ఏదో ఉంది మేడమ్!"

ఆ గుంతని ఇంకా లోతుకి తవ్వబోతే పార దిగలేదు. బడి గడ్డపార వంగిపోయింది. మళ్ళీ మీ నాన్నకే ఫోన్. ఆదివారం రెండు గడ్డపారలు సాగగొట్టి, మొనలు పెట్టి, దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెచ్చారు. ఇదేంటని కండక్టరు అడిగితే "మా ఆవిడ చాక్‌పీసులు" అన్నారట.

సోమవారం లాయరమ్మే మొదటి దెబ్బ వేసింది. జానెడు లోతులో గడ్డపార ఖంగుమంది. ఆ చప్పుడుకి పిల్లలందరూ ఒక్కసారి అరిచారు. మట్టి తోసి చూస్తే, సున్నం, సిమెంటు, కంకర కలిసి గట్టిపడిన పొర. పొలమంతా పరుచుకుని ఉంది.

అప్పుడు మాస్టారు వరండా దిగి వచ్చారు. వంగి ఆ పొరని చేత్తో తడిమారు. తల ఎత్తకుండానే అన్నారు: "నేను చేరిన ఏడాది పైఅంతస్తు కట్టినప్పుడు కాంక్రీటు ఇక్కడే కలిపారు. లారీలు ఇక్కడే తిరిగాయి. పని అయ్యాక పైన మట్టి పోసి చదును చేశారు. నా కళ్ళతో చూశాను. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా తోచలేదు." ఆయన మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి చేతి గడియారం విప్పి జేబులో వేసుకుంటున్నారు. "ఇలా ఇవ్వమ్మా" అని లాయరమ్మ చేతిలో గడ్డపార అందుకున్నారు.

ఇంతలో పెద్దమేడమ్ వచ్చారు. "ఎవరు తవ్వమన్నారు? సిమెంటు పనివాళ్ళతో మాట అయిపోయింది" అన్నారు. లాయరమ్మ ముందుకొచ్చి, "సిమెంటు ఆల్రెడీ ఉంది మేడమ్ కింద. ఒక్క పంట వేసి చూపిస్తాం. పండకపోతే మేమే చదును చేసిస్తాం" అంది. పెద్దమేడమ్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "ఈవిడ ట్రైనింగ్ అయ్యేదాకా. అంతే" అన్నారు.

తొందరగా చేతికొచ్చే పంట కావాలి కాబట్టి ముల్లంగి అనుకున్నాం. అంతా పగలగొడదామంటే లాయరమ్మ ఒప్పుకోలేదు. "సగమే పగలగొడదాం. సగం అలాగే ఉంచి రెండింట్లోనూ వేద్దాం. లేకపోతే రేపు ఎవరైనా వానలకి పండిందంటే ఏం చెప్తాం?" నేను కాలేజీలో బట్టీపట్టిన పాఠం అది. ఆ పిల్లకి ఎవరూ చెప్పకుండానే తోచింది.

బొబ్బలు అప్పటివే. పొర పగలగొట్టడం, కంకర ఏరి గంపలతో మోయడం, ఎండుటాకులూ పేడా కలపడం. మిగిలిన సెక్షన్ వాళ్ళు గంట కొట్టినా ఇంటికి కదిలేవాళ్ళు కాదు. కంప్యూటర్ల పిల్లలు కిటికీల్లోంచి చూసేవాళ్ళు.

విత్తనాలు వేశాక ఏం జరిగిందో తెలుసా? పగలగొట్టని సగమే ముందు మొలిచింది. పచ్చగా, ఒత్తుగా. మేం రెక్కలు ముక్కలు చేసుకున్న సగంలో అక్కడక్కడా బక్క మొలకలు. పిల్లల మొహాలు వాడిపోయాయి. "మేడమ్, మనమే తప్పా?" అని అడిగారు. తప్పు కాదని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. తెలియదన్నదాన్ని మధ్యలో మాట మార్చకూడదు కదా. "చూద్దాం. రోజూ చూసింది చూసినట్టు చెప్పండి" అన్నాను. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. వంటావిడని అడుగు, చెబుతుంది.

తర్వాత ఎండలు ముదిరాయి. మధ్యాహ్నమయ్యేసరికి పగలగొట్టని సగంలో ఆకులు తలలు వేలాడేసేవి. మా సగం మాత్రం నిటారుగా నిలబడింది. ముందొకరిద్దరు గమనించారు, ఆ తర్వాత అందరూ. నేను లోపల గంతులేస్తున్నాను.

కాలేజీ నుంచి ప్రొఫెసరుగారు నా చివరి పాఠం చూడడానికి వచ్చారు. అందరం పొలంలోనే ఉన్నాం. పెద్దమేడమ్ కూడా వచ్చి నిలబడ్డారు. లాయరమ్మ పగలగొట్టని సగంలోంచి ఒకటి పీకింది. జానెడు దిగి, కింద గోడ తగిలినట్టు వంకర తిరిగి, రెండు పాయలుగా చీలిన ముల్లంగి, కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషిలా ఉంది. ఇంకొకటి పీకారు, అదీ అంతే. అప్పుడు ఇటు సగంలోంచి పీకారు. వచ్చింది, వస్తూనే ఉంది! తెల్లగా, నున్నగా, మోచేతంత పొడుగున. పిల్లలు వేసిన కేకకి పైఅంతస్తు కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఆపైన నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. నీళ్ళ గుంతల సంగతి ఒకరు చెప్పారు, పొర మీద నిలిచిన తడికే ఆ సగం ముందు మొలిచిందని, వేరు కిందికి దిగక ఎండకి వాలిందని ఇంకొకరు చెప్పారు, ఉప్పు లేదని ఎలా తేలిందో మట్టి తిన్నవాడు చెప్పాడు, సగం ఎందుకు వదిలేశారో లాయరమ్మ చెప్పింది. ప్రొఫెసరుగారు నా వైపు తిరిగి, "బాగుందమ్మా. మరి మీరు పాఠం ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగారు.

నేను జవాబు చెప్పేలోపు రాసుకోండి మాస్టారు అందుకున్నారు. "మొదలై చాలా రోజులైందండీ."

పెద్దమేడమ్ ఆ పొడుగాటి ముల్లంగిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. "సిమెంటు వాళ్ళకి నేను చెప్పేస్తాను. బళ్ళు గేటు బయటే ఉంటాయి" అన్నారు. పిల్లలు ఆవిడ చుట్టూ గంతులు. మాస్టారి చొక్కా నిండా మట్టి. ట్రైనింగ్ పాసయ్యాను చంటీ. మార్కులు రాయను, గొప్పలు పోతున్నాననుకుంటావు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్ని పేజీలుగా దీని చుట్టూనే తిరుగుతున్నాను. మాస్టారు ఈ ఏడాదితో రిటైరవుతున్నారు. తరగతి ఉంటుంది కాబట్టి ఆ ఉద్యోగమూ ఉంటుంది. పెద్దమేడమ్ నన్ను లోపలికి పిలిచి, ఉంటారా అని అడిగారు. ఇంటికెళ్ళి ఆలోచించి చెబుతాననాలి కదా? అనలేదు. ఆవిడ మాట పూర్తికాకుండానే ఉంటానన్నాను. నిన్నడగలేదు, మీ నాన్ననీ అడగలేదు. ఆయనకి తర్వాత చెబితే, "వెల్డింగుకి ఊరేముంది, నిప్పురవ్వలు ఎక్కడైనా ఒకేలా ఎగురుతాయి" అని అప్పుడే ఇక్కడ షెడ్డు వెతికేశారు. వచ్చే నెల మనం ఆ అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం. నువ్వు పుట్టి పెరిగిన ఇల్లు. నీ క్యారమ్ బోర్డు, నీ పాత సైకిలు, తలుపు మీద నువ్వు గీసిన ఓడ బొమ్మ, అన్నీ తెస్తున్నాం. ఆ తలుపు ఇంటివాళ్ళది, అయినా మీ నాన్న వేరే తలుపు చేసిచ్చి ఇది ఊడదీస్తారట.

నన్ను ఇంట్లో కూర్చోబెట్టి సుఖపెట్టాలన్న నీ మనసు నాకు తెలుసు. నువ్వు నొచ్చుకుంటావేమోనని ఈ నాలుగు మాటలు రాయడానికి నాలుగుసార్లు కలం కింద పెట్టాను. అయినా నాకు సుఖమంటే ఏమిటో ఇక్కడే తెలిసింది నాన్నా. రేపటి నుంచి మిగతా సగం పగలగొడుతున్నాం. వచ్చే ఏడాది వ్యవసాయంలో చేరతామని అప్పుడే కంప్యూటర్ల పిల్లలు ముగ్గురు వచ్చి అడిగారు. ఆ సెక్షన్‌లో సీట్లు దొరకడం కష్టమని లాయరమ్మ వాళ్ళతో ఎంత గంభీరంగా చెప్పిందో నువ్వు చూడాల్సింది.

సెలవుకి వచ్చేటప్పుడు నేరుగా ఈ ఊళ్ళో దిగు. చిరునామా రాయడం లేదు, అక్కర్లేదు. నిన్నటిదాకా నేను వెల్డరుగారి భార్యని, చంటి వాళ్ళమ్మని. ఇక్కడ స్టేషన్ బయట ఏ పిల్లలనడిగినా చాలు, ఇల్లు చూపించడమే కాదు, నీ పెట్టె కూడా మోసుకొస్తారు. వ్యవసాయం మేడమ్ ఇల్లెక్కడ అని అడుగు.

ఇట్లు,
ఈ ఊరందరికీ మేడమైనా నీకెప్పుడూ
అమ్మ