టెక్కలి గాయని

ఉంటర్‌ఫ్యోరింగ్, జర్మనీ,
24 ఏప్రిల్ 2022, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి రీతుకు నాన్న దీవెనలు.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. అక్కడ జపాన్‌లో, అవోమోరిలో నువ్వూ, అల్లుడు తకుమీ, మీ అత్తమామలూ అలాగే ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలిసి స్థిమితపడ్డాం. నీ తెలుగులో ఈసారి రెండే తప్పులు. అవేమిటో చెప్పను, చెబితే మళ్లీ జర్మన్‌లోకి దిగిపోతావు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు బాగానే ఉంది. కంటి డాక్టరు దగ్గర టెర్మిన్ జూన్‌లో దొరికింది. మూడో డోసు ఇద్దరం వేయించుకున్నాం. మీ అమ్మకి రెండు రోజులు చెయ్యి లేవలేదు గానీ, నా చేత గిన్నెలు తోమించడానికి నోరు బాగానే లేచింది. ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకు నాన్నా అని అడిగావు. ఫోన్ మోగితే చాలు మీ అమ్మ స్పీకర్ పెట్టేస్తుంది. నేను రాయబోయేది స్పీకర్లో చెప్పే సంగతి కాదు.

పదమూడో సీడీ అందిందని మీ మామగారికి, అదే మా కుదో బావగారికి, చెప్పు. మొదటిది వచ్చిన రోజు గుర్తుందా? మీ పెళ్లయిన రెండు నెలలకి వచ్చింది. కరోనా వల్ల విమానాలు లేవు, ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు జపనీస్ రాదు. వియ్యంకుడితో ఎలా మాట కలపాలో తోచక ఆయన ఒక పాటల సీడీ పంపారు. నలుగురు కుర్రాళ్ల బ్యాండు. మధ్యాహ్నం రూహెట్సైట్, చప్పుడు చెయ్యకూడని వేళ అని మరిచిపోయి పెట్టాను. పక్కింటి ఫ్రావ్ హుబర్ మాస్కు పెట్టుకుని వచ్చి, ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగి వెళ్లింది!

అప్పటినుంచి నెల తప్పినా సీడీ తప్పలేదు. అన్నీ అవోమోరి వాళ్లవే. గొంతు ఎలా ఉన్నా, వాయించేది ఏదైనా, పుట్టింది తమ సీమలోనా కాదా అన్నదొక్కటే ఆయన పట్టింపు. ప్రతి సీడీతోనూ చేత్తో గీసిన పటం, దానిమీద ఆ పాడినవాళ్ల ఊరి దగ్గర ఎర్ర చుక్క. మొదట్లో నవ్వుకున్నాను. వినగా వినగా నాకూ పట్టుబడింది. ఇంకో సీడీలో పాడిన, రేవులో పెరిగిన పెద్దావిడా, ఆపిల్ తోటల పక్కన పెరిగిన ఆ బ్యాండు పిల్లలూ పాట చివర గొంతు ఒకేలా సాగదీస్తారు. తకుమి ఫోన్లో నాన్నగారూ అనడానికి "ఒతోసాన్" అని నన్ను పిలిచేటప్పుడు కూడా అదే సాగు. ఈ మధ్య పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకటి వినకపోతే నాకు తోచడం లేదు.

ఇక అసలు సంగతి. వియ్యాలవారు పెడితే తిరిగి పెట్టకుండా ఊరుకుంటామా? నేనూ మన పాటలు పంపడం మొదలుపెట్టాను. రెండోదానికే ఆయన, "ఈ గాయకుడు మీ సీమవాడేనా?" అని తకుమి చేత అడిగించారు. కాదు. సిగ్గేసింది. ఆ తరవాత మన శ్రీకాకుళం జిల్లావాళ్లవే వెతికి పంపాను. మన బీరువాలో ఎన్ని ఉంటాయి చెప్పు? కిందటి నవంబరుకి అన్నీ అయిపోయాయి. ఇండియా వెళ్లి తెచ్చుకుందామంటే మళ్లీ కేసులు. ఆయన పార్సెల్ మాత్రం ఠంచనుగా దిగింది.

ఆ రోజు మీ అమ్మ వంటింట్లో పాడుతోంది. తనకి తెలియకుండా నడవాలో నిలబడి ఫోన్లో రికార్డు చేసి, సీడీకి ఎక్కించి, "టెక్కలి గాయని, మా వైపు బాగా పేరున్నావిడ, ఒద్దికమనిషి, పేరు వేయొద్దన్నారు" అని రాసి పంపేశాను. టెక్కలి నిజమే, మీ అమ్మ పుట్టింది అక్కడే. తక్కినదంతా అబద్ధం. ముప్ఫై ఎనిమిదేళ్లు ఇంజనీరుగా పనిచేసినా తప్పుడు కాగితం మీద ఒక్క సంతకం పెట్టనివాణ్ణి, వియ్యంకుడి దగ్గర పెట్టాను.

ఫిబ్రవరిలో, తకుమి చేత రాయించిన బావగారి జవాబు వచ్చింది. నేను పంపినవాటిలో అదే మేలైనదట. మధ్యలో మూడుసార్లు పొడుగ్గా మోగే ఆ వాద్యం పేరేమిటని అడిగారు. అది మన కుక్కరమ్మా! నవ్వలేక చచ్చాను. కింద ఇంకో మాట రాశారు. మీ అత్తగారు ఆపిల్స్ ఏరుతూ రోజూ ఆ పాటే పెట్టుకుంటారట, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎందుకో కళ్లు తుడుచుకుంటారట.

నవ్వు ఆగిపోయింది. ఏదో పాట అనుకుని పంపానే గానీ మాటలు నేను వినలేదు. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. రీతూ, అది అప్పగింతల పాట.

మీ పెళ్లి రోజు మీ అమ్మ పట్టుచీర కట్టుకుని, ఫోను పోపులపెట్టెకి ఆనించి కూర్చుంది. మీరు అక్కడి మునిసిపల్ ఆఫీసులో పెళ్లి కాగితాలిచ్చి వచ్చి మాతో మాట్లాడింది పదకొండు నిమిషాలు. తరవాత బొమ్మ కదలకుండా ఆగిపోయింది. తను మాత్రం ఇంకో గంట అక్కడే కూర్చుంది. "ఏటి ఇందూ, లేవవా?" అంటే, "ఏటీ లేదండీ, ఒక పాట పాడదామనుకున్నాను, అయిపోయిందిగా" అంది. నేను పట్టించుకోలేదు. ఆ పాటే ఏడాది తరవాత వంటింట్లో పప్పుతో పాడుకుంటోంది. అందులో మంచు కూడా పెట్టింది. మా అమ్మాయికి చలి ఎక్కువ వదినగారూ, మంచు కురిసే వేళ తలుపు తీస్తే భుజాన శాలువ కప్పండి, తప్పు చేస్తే మాకు ఒక్క మాట చెప్పండి అని. విన్నరోజు నాకు ఏడుపొచ్చింది. బాల్కనీలోకి వెళ్లి ఏడ్చాను.

ఆగస్టులో మీ అత్తమామలిద్దరూ ఇక్కడికి వస్తున్నారని రాశావు. ఎంత సంతోషమో! కానీ టెక్కలి గాయనిని చూడాలని మీ అత్తగారు ఆశపడుతున్నారనీ రాశావు; ఆ గొంతు నువ్వు గుర్తుపట్టావో లేదో మాత్రం రాయలేదు. ఆ ముక్క చదివాక నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. అబద్ధాలకోరు కూతురు అని వాళ్లు నిన్ను ఒక్క మాటన్నా నేను తట్టుకోలేను. మన వైపు ఆడమనిషినెవరినో గాయని అని చూపించేద్దామా అని కూడా ఒకరోజు అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. అది వద్దు. నిజం చెప్పేద్దాం.

పాట మాటలు విడి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇందులో పెట్టాను. మీ అత్తగారు ఆపిల్స్ ఏరేటప్పుడు పక్కన కూర్చుని, ఒక్కో వరుసా వాళ్ల భాషలో చెప్పు. అది ఆవిడకే పాడిన పాట అని చెప్పు. కుక్కరు కూతలు పప్పువని చెప్పు. మామగారితో, నాన్న అబద్ధమాడాడు, క్షమించమన్నాడు అని నా మాటగా చెప్పు. మీ అమ్మకి నేను చెప్పను. ఆగస్టులో తన వదినగారే చెబుతారు. అప్పుడు నాకు పడే చీవాట్లకి ఇప్పటినుంచే సిద్ధంగా ఉన్నాను.

బావగారు మన శ్రీకాకుళం పటం కూడా గీసి గోడకి పెట్టుకున్నారన్నావు కదా. అందులో టెక్కలి దగ్గర చుక్క పెట్టి, పేరు తెలియక పక్కన ఖాళీ వదిలారట. ఎర్ర పెన్సిల్ అడిగి తీసుకో తల్లీ. ఆ ఖాళీలో ఇందుమతి అని నీ చేత్తో రాయి.

ఇట్లు,
నిన్ను ఆలస్యంగా అత్తవారికి అప్పగిస్తున్న
మీ నాన్న
భాస్కరమూర్తి