తెల్లపోతుకి ఏమైంది

సెప్టెంబర్ 28
మేకల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చూస్తున్నాను. పళ్ళు, గిట్టలు, వెన్ను. నొక్కితే ఎముక తగలకూడదు. నవంబర్‌లో మేకపోతుని మందలోకి వదిలేలోగా కండ పట్టాలి. పోయిన వసంతంలో యాభై ఎనిమిదింటికి ఈనినవి పదకొండే. మేకలు గొడ్డుపోయాయంటాడు మా మావగారు, జమ్‌స్రాన్ మావయ్య. ఈసారీ ఇంతే అయితే గుడారం ఎత్తేసి టౌన్‌కి వచ్చెయ్యమని మా ఆయన ఫోన్‌లో అన్నాడు. బొగ్గు లారీ నడిపేవాడికి అది తేలిక.

సెప్టెంబర్ 30
అన్నీ చూశాను. ఒక్కదానిలోనూ లోపం లేదు. మరెందుకు?

అక్టోబర్ 5, పొద్దున
ఇన్నాళ్ళూ ఎలా గమనించలేదో! పదకొండు పిల్లల్లో ఒక్కటీ తెల్లది కాదు. మా పోతేమో పాలలా తెల్లన.
వాగు అవతలి గుడారంలో ఉండే హోర్లో అక్కని అడిగాను. పోయిన నవంబర్‌లో తన నల్లపోతు రెండు రోజులు కనబడకుండా పోయిందట. చెప్పి పడీపడీ నవ్వింది.

అక్టోబర్ 6
వేళ కాని వేళ మేకల మీదకి పోకుండా పోతు పొట్ట కింద ఒత్తిన ఉన్ని గుడ్డ కడతాం. తెల్లపోతుది మావయ్యే కడతాడు, ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. తుంటి నొప్పితో లేవలేకపోయాడని ఈరోజు నేను వెళ్ళాను. గుడ్డ విప్పి చూశాను.
బీజాలు ఎండిపోయి, గులకరాళ్ళలా గట్టిగా ఉన్నాయి. చర్మం మీద నల్లటి మచ్చ. మంచు కాల్చిన మచ్చ.

అదే రోజు, సాయంత్రం
గుర్తొచ్చింది. పోయినేడు పోతుని వదలడానికి పది రోజుల ముందు ఆ చలిగాలి. మావయ్యకి జ్వరం. పిడకలు అయిపోయాయి. పోతు దొడ్డిలో పరుపులా పేరుకున్న ఎండు పెంటంతా ఎత్తి పొయ్యిలో వేసింది నేనే. అది మూడు రాత్రులు ఉత్త రాళ్ళ మీద పడుకుంది.

అక్టోబర్ 7
మావయ్యకి ఇంకా చెప్పలేదు.

అక్టోబర్ 12
రేపు మాంసం వ్యాపారి వస్తాడట. ఈనని నలభై ఏడింటినీ ఇచ్చేస్తానని మావయ్య తాళ్ళు సర్దుతున్నాడు. ఇంక ఆగలేకపోయాను.
"తప్పు మేకలది కాదు మావయ్యా. పోతుది."
"దానికేం? రాజాలా ఉంది."
"కింద దెబ్బతింది." నా చెవులు వేడెక్కాయి. మావగారి ముందు ఇంకే మాట పలకను?
"కిందంటే? గిట్టా, మోకాలా? నీళ్ళు నమలకు అమ్మాయ్."
"ఇంకా పైన."
నన్నోసారి చూసి, కుంటుకుంటూ దొడ్డికి పోయాడు. గుడ్డ కింద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. అప్పుడే మిగతాదీ చెప్పేశాను, పెంట సంగతి, పొయ్యి సంగతి.
"ఎప్పుడు?"
"మీకు జ్వరం వచ్చిన మూడు రోజులూ."
"అయితే దాని పరుపు కాల్చుకుని చలి కాచుకున్నది నేనన్నమాట," అన్నాడు. గుడ్డ కొసలు నా చేతిలో పెట్టాడు. ముడి నేను వేశాను.
తాళ్ళు మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

అక్టోబర్ 15
నల్లపోతుని అడగడానికి వెళ్ళాను. ముసలాయన స్వయంగా వచ్చి అడిగితేనే ఇస్తానంది హోర్లో అక్క. మావయ్య తుంటి పట్టుకుని గుర్రమెక్కి వచ్చాడు. ఆవిడ వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడింది.
"నా పోతుని మసిగుడ్డ అన్నావు, గుర్తుందా?"
"మసిగుడ్డే. ఇవ్వు."
ఇద్దరూ నవ్వలేదు. కానీ ఉప్పు చాయ్ మూడేసి గిన్నెలు తాగారు. నల్లపోతుకి గుడ్డ కింద నేనే సరిచూశాను, వట్టి చూపు కాదు, నొక్కి మరీ చూశాను. రెండూ బాగున్నాయి. అక్క అటు తిరిగి నవ్వుకుంది.

నవంబర్ 4
నల్లపోతు గుడ్డ విప్పాం. అది పై పెదవి మడిచి గాలి పీల్చింది. అలా ఎందుకు చేస్తుందో! లోపలికి పోయి చాయ్ పెట్టమన్నాడు మావయ్య. పోలేదు, చూస్తూ నిలబడ్డాను. ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు.
తెల్లపోతుని అమ్మనన్నాడు. మంద ముందు నడుస్తుందట. దాని దొడ్డిలో మోకాలి లోతు ఎండు పెంట పోశాడు.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం
పొయ్యి చుట్టూ ముప్పై ఒక్క పిల్లలు. పడుకోడానికి చోటు లేక మావయ్య కూర్చునే కునుకు తీస్తున్నాడు. బయట ఇంకోటి ఈనుతోంది. వెళ్ళాలి.