అత్తయ్య ఊడ్పుల పాట

జురాంగ్ వెస్ట్, సింగపూర్, 12-8-2006

అత్తయ్యా,

నేను కులాసా. ఉద్యోగం మానలేదు, మామయ్యను కంగారు పడొద్దని చెప్పు. ఆదివారాలు కూర్చుని మా బ్యాండువాళ్ళం చేసిన ఆల్బమ్ ఇక్కడి రిథమ్ అండ్ బ్లూస్ అవార్డుకు, అంటే లయా దిగులూ కలిసిన పాటలకిచ్చే బహుమతికి, చివరి అయిదింటిలో నిలిచింది. అందులో నువ్వు పాడే ఊడ్పుల పాటలోవి నాలుగు పాదాలు కలిపాను. కమిటీ పెద్ద మమ్మల్ని పిలిచి, "ఆ తెలుగు ముక్క తీసెయ్యండి, అది ఉంటే రిథమ్ అండ్ బ్లూస్ కాదు" అన్నాడు. మా డ్రమ్మర్ కమల్ తెలుగువాడే అయినా తాతల నాటి నుంచి ఇక్కడివాడు, ఒప్పేసుకుంటాడనుకున్నాను. "మా నాయనమ్మ కూడా ఇదే పాడేది, తీసేది లేదు లా!" అని ఇక్కడివాళ్ళ యాసలోనే అంటూ లేచి నిలబడ్డాడు. నాకూ ధైర్యం వచ్చింది. "నడుం వంచి నాట్లేసేవాళ్ళ పాటలో లయ లేదా, దిగులు లేదా సార్?" అని అడిగేశాను. మర్నాడు జాబితాలో మా పేరు కొట్టేశారు. ఏడవలేదు, ఒళ్ళు మండింది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? పాటలో మిగతా చరణాలు పక్కింటి సత్యవాణి చేత రాయించి వెంటనే పంపు, ఈసారి మొత్తం పాడతాను. మామయ్యకు నమస్కారాలు. ఎవరైనా అడిగితే అవార్డు పోయిందని దాచకు, ఎందుకు పోయిందో కూడా గట్టిగా చెప్పు.

నీ మేనకోడలు,
సరయు