టార్చి మంచిదేనా అని అడిగావు

ప్లేనో,
నవంబరు 2012

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి లీలావతికి నీ భర్త దీవించి రాయడమేమంటే,

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ముందు లేకపోతే నువ్వు కంగారుపడి మిగతాది చదవవు కాబట్టి రాసేశాను. బాతెల్‌లో నువ్వూ, దేదీప్యా, పసివాడూ కులాసాగా ఉన్నారనీ, వాన మాత్రం వదలడం లేదనీ నీ ఉత్తరంలో చూశాను. ఇద్దరం అమెరికాలోనే ఉండి కొడుకింట్లో నేను, కూతురింట్లో నువ్వు. జీవితమంతా లైబ్రరీలో పనిచేశాను. రెండు సంపుటాల పుస్తకాన్ని విడదీసి చెరొకరికి ఇవ్వడానికి నేనెన్నడూ ఒప్పుకోలేదు. మన పిల్లలకి ఆ పట్టింపు లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు ఎప్పట్లాగే ఉంది. ఆవకాయ సీసా అడుగంటింది. కోడలు రేణు పప్పులో ఉప్పు వేయడం ఇంకా మొదలుపెట్టలేదు. ఇక, హర్ష నాకు కొనిచ్చిన ఎల్‌ఈడీ టార్చి మంచిదేనా, నువ్వూ అల్లుడి చేత ఒకటి తెప్పించుకోవచ్చా అని అడిగావు. ఇది ఒక్క ముక్కలో తేలేది కాదు.

ఫోన్‌లో మీ తమ్ముడు వీరభద్రం ఏమన్నాడో నీకూ చెప్పే ఉంటాడు. "బావా, అది పిల్లలు ఆడుకునే చైనా సరుకు. టార్చంటే చేతికి బరువు తెలియాలి" అన్నాడు. వాడి స్టీలు టార్చి సంగతి నాకు తెలుసు. మూడు పెద్ద బ్యాటరీలు మింగి, నెత్తి మీద ఒకటి మొత్తితే గాని వెలగదు. మన పెళ్లినాటి నుంచీ వాడు బరువున్నదల్లా గొప్పదనుకుంటూనే ఉన్నాడు, తన మాటలతో సహా.

ఇది మధ్యవేలంత ఉంటుంది. ఒక్క సన్న బ్యాటరీ చాలు. క్లిప్పు ఉంది కాబట్టి పెన్నులాగా చొక్కా జేబుకి తగిలించుకోవచ్చు. ఒకసారి మరిచిపోయి చొక్కాతోపాటు వాషింగ్ మెషీన్‌లో వేశాను. ఉతికి ఆరేసినా వెలిగింది. రేణు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మందుసీసా మీది చీమల్లాంటి అక్షరాలు చదవడానికీ, సోఫా కిందికి దొర్లిన మాత్ర వెతకడానికీ దీన్ని మించింది లేదు.

లోపాలు కూడా రాస్తాను. పొగడ్తలతో నింపే సమీక్షకుల్ని నేను పత్రికల్లో చాలామందిని చూశాను, వాళ్లలో చేరను. బల్ల మీద పెడితే నిలవదు, దొర్లి పడుతుంది. బటన్ ఒకసారి నొక్కితే పూర్తి వెలుగు, మళ్లీ నొక్కితే సగం, ఇంకోసారి నొక్కితే ఆంబులెన్స్‌లాగా టపటపా కొట్టుకుంటుంది. ఆ గోల దాటితే గాని ఆరదు. వెలుగు నీలంగా ఉంటుంది, పసుపు డబ్బాలో పసుపు కూడా పాచిరంగులో కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం, వెలుగు విచ్చుకోదు. నడుమ ఒక తెల్లటి చుక్క, దాని చుట్టూ చీకటి. ఈ మాటే హర్షతో అంటే, లాప్‌టాప్‌లోంచి తల తీయకుండా, "చీప్‌ది కదా నాన్నా, అంతే ఉంటుంది. వేరేది ఆర్డర్ చేస్తాలే" అన్నాడు. నేనూ నమ్మాను.

నేను ఎవరింట్లోకో వెళ్లి కూర్చున్న కథ దేదీప్య చెప్పిందనీ, కడుపుబ్బ నవ్వావనీ రాశావు. నవ్వే కథే. ఈ వీధిలో ఇళ్లన్నీ ఒకే ఇటుక, ఒకే కప్పు. గ్యారేజీ తలుపు తీసి ఉంది. లోపల గోడ వారగా చెప్పుల వరస, పక్కన సోనామసూరి బస్తా. మనిల్లే అనుకోక ఏమనుకుంటాను? చెప్పులు విడిచి, లోపలికెళ్లి సోఫాలో కూలబడి, "రేణూ, కాసిని మంచినీళ్లు" అని కేకేశాను. గరిటెతో ఒకావిడ వచ్చింది. పేరు కృష్ణవేణి. చీరాల వాళ్లట.

"అయ్యో అంకుల్, మీరా? కూర్చోండి, కాఫీ కలుపుతా" అంది.

నువ్వు విన్నది ఇంతవరకే. ఆవిడ ఆ తర్వాత అన్నది మొన్నటివరకు నేను ఎవరికీ చెప్పలేదు.

"థాంక్స్ అంకుల్, మా రిషితని మీరే తీసుకొచ్చారా?"

ఇక్కడి పద్ధతి నీకు తెలియదు. సాయంత్రం ట్యూషన్ సెంటర్ వ్యాను పిల్లల్ని వీధి చివర పోస్టు డబ్బాల దగ్గర దింపుతుంది. మేం తాతలమంతా అక్కడ కాచుకుని ఉంటాం. ఏ తాత ఊరికి వెళ్లిపోయినా మిగిలినవాళ్లం ఆయన మనవల్ని కూడా ఇంటి దగ్గర దిగబెడతాం. అందుకే ఇక్కడి పిల్లలకి తెలుగు ముసలివాళ్లందరూ తాతలే, ఎవరి చెయ్యి దొరికితే అది పట్టుకుంటారు. చలికాలానికని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక వ్యాను వచ్చేసరికి మసక పడుతోంది. టోపీ కోటు వేసుకున్న పిల్ల వచ్చి నా చేతిలో చెయ్యి పెట్టింది. "తాతా, ఇవాళ మీరా?" అంది. "నేనే, పద" అన్నాను. అందరి యాసా ఒకటే. నేను టార్చి వెలుగు చుక్కని చూసుకుంటూ నడిచాను, పిల్ల తన ఇంటికి నన్ను తీసుకెళ్లింది.

అసలు మన మనవరాలు నైనిక వ్యానులోంచి ఆఖరున దిగింది.

కృష్ణవేణి ఇంట్లోంచి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. డబ్బాలకి ఆనుకుని నిలబడి ఉంది పిల్ల. ఏడవలేదు. "తాతా, యు ఫర్గాట్ మీ" అంది. అదే నా వేలు పట్టుకుని, "ఇట్స్ ఓకే. డాడీకి చెప్పను" అంది.

మర్నాడు గదిలో కర్టెన్లు మూసి, టార్చి గోడ మీద వేసి, "ఎంతవరకు కనిపిస్తోందే?" అని నైనికని అడిగాను.

"మొత్తం వాల్ తాతా. ఆ మూల స్పైడర్ కూడా."

నాకు ఆ చుక్కే కనిపించింది. సాలీడు లేదు, మూల లేదు. టార్చికి ఏ లోపమూ లేదు లీలా. మా నాన్నకి వచ్చిన నీటికాసుల జబ్బే, అదే గ్లాకోమా, నాకూ వచ్చింది. వేసవి నుంచీ చూపు అంచులు మూసుకొస్తున్నాయి. పోయిన చూపు రాదు. ఉన్నది నిలవాలంటే వెంటనే మందు పడాలి. మా నాన్న విషయంలో మేము ఆలస్యం చేశాం, ఆ ఆలస్యం ఎలా ముగిసిందో నువ్వు కోడలిగా వచ్చాక చూశావు.

అయినా చెప్పకుండానే ఉండేవాణ్నేమో. మొన్న భోజనాల దగ్గర హర్ష, "నైనికా, తాత వ్యాన్ దగ్గరికి టైమ్‌కి వస్తున్నారా? కృష్ణవేణి ఏదో అంటోంది" అని అడిగాడు. పిల్ల కంచంలోంచి తల ఎత్తకుండా, "యెస్ డాడీ. ఆల్వేస్" అంది. ఏడేళ్ల పిల్ల తడుముకోలేదు. అది నా కోసం అబద్ధం నేర్చుకుంది. అంతా చెప్పేశాను.

రేణు లేచి నైనికని ఒళ్లోకి లాక్కుంది. హర్షే అందుకున్నాడు.

"ఎప్పట్నుంచి నాన్నా ఇది? చెప్పాలి కదా!"

"ఇప్పుడు చెప్పాను. జనవరితో మేం ఇక్కడ ఉండే గడువు అయిపోతుంది. పంపించెయ్."

"ఆల్రెడీ ఇద్దరికీ ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేస్తున్నాం. విజిటర్ ఇన్సూరెన్స్ కంటి ప్రాబ్లమ్స్ కవర్ చేయదు. ఇంకో సిక్స్ మంత్స్ మేనేజ్ చేద్దాం. వ్యాన్ దగ్గరికి రేణు వెళ్తుంది, మీరు ఇంట్లోంచి కదలకండి. ఇండియా వెళ్లాక పెద్ద డాక్టర్‌కి చూపిద్దాం."

"ఆర్నెల్లకి చూపించడానికి ఏం మిగులుతుందిరా?"

"ప్లీజ్ నాన్నా. అమ్మకి మాత్రం చెప్పకండి. టెన్షన్ పడుతుంది, అక్కడ దేదీప్య మళ్లీ జాబ్‌లో జాయిన్ కావాలంటే బాబుని అమ్మే చూడాలి."

చెప్పనని మాటిచ్చాను. ఇచ్చి, గదిలోకి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వాడు దుర్మార్గుడు కాడు. ఆ రాత్రి నా కంచం తనే కడిగాడు. కానీ వాడి క్యాలెండరులో నా కళ్లకి ఖాళీ లేదు. ఇప్పుడు గుమ్మం దాటే పని కూడా లేదు నాకు. పొద్దున హాల్లో, మధ్యాహ్నం గదిలో, సాయంత్రం మళ్లీ హాల్లో. ఈ గోడలు ఎక్కడున్నాయో చేత్తో తడిమి గుర్తుపెట్టుకుంటున్నాను.

ఫోన్‌లో ఈ మాటలు సాగవు. రెండిళ్లలోనూ స్పీకర్ పెడతారు, నువ్వు "భోంచేశారా" అంటావు, నేను "ఆ" అంటాను.

ఈ ఆదివారం ఆ స్పీకర్‌లోనే, అందరూ వింటుండగా, ఒక్క మాట అను. "మేమిద్దరం జనవరిలో వెళ్లిపోతున్నాం, టికెట్లు బుక్ చేయండి" అను. కారణం అడిగితే చెప్పకు. నేనంటే మొండి ముసలాడి గొడవ అంటారు, జన్మంతా గొడవపడ్డవాణ్ని కదా. నువ్వు ఇంతవరకు పిల్లలకి కాదని చెప్పలేదు. అందుకే నువ్వు చెబితే ఏం చేయాలో వాళ్లకి తెలియదు.

నీ ఒళ్లో పసివాడున్నాడు. వాణ్ని దింపి రమ్మంటున్నానని నాకు తెలుసు. ఇంతకన్నా మెత్తగా అడగడం నాకు చేతకాలేదు.

ఇట్లు,
నీ భర్త
ధర్మారావు