విఠల్‌కు లాప్‌టాప్

...నిన్న రాసింది చింపేసిన చిన్నమామా. ఫోన్‌ల చెప్తే అవ్వ వింటది, అందుకే మళ్ల రాస్తున్న. తమ్మునికి రేసు గేములు ఆగకుండ నడిచే లాప్‌టాప్ చూడు. అట్లాంటివన్నీ బరువుంటయట. కానీ విఠల్ ఇప్పుడు స్కూల్ బ్యాగే ఎత్తలేకపోతున్నడు. నెలనెలా దవఖానకు పోతున్నం కద, బోధన్ నుంచి హైదరాబాద్ దాంక బస్సుల బ్యాటరీ రావాలె.

బాపు మూడేండ్ల వారంటీ తీస్కొమ్మంటుండు. "పోరడు ఇంజనీరింగ్ చదివేదాంక పనికొస్తది" అంటుండు. వద్దు మామా, ఏడాదిది చాలు. మొన్న డాక్టర్ ఇంకో డాక్టర్‌తోని ఇంగ్లిష్‌ల అన్నడు, ఏడాది దాటుడు కష్టమని. నాకొక్కదానికే అర్థమైంది. ఏమన్నడని బాపు అడిగితే, తగ్గుతదట అని చెప్పిన. ఇప్పుడు భయమైతుంది. నువ్వే వచ్చి బాపుకు...

తలుపు కొడుతున్నరు.

"అక్కా, మామకేనా రాస్తున్నవ్? ఎర్ర రంగుది తెమ్మను."

విఠలే. కాయితాలు పరుపు కింద పెడుతున్న.